తెలుగు పద్యం కోసం టీఈఐ మార్కప్‌ను విస్తరించడం ఎలా?

తెలుగు పద్యాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించడం ఇప్పుడు కష్టమేమీ కాదు. యూనికోడ్‌లో టైపు చేస్తే చాలు, ఎవరి ఫోనులోనైనా కనిపిస్తుంది, వెతికితే దొరుకుతుంది. అయితే అది పద్యమన్న సంగతి ఆ ఫైలుకు తెలియదు. ఛందస్సు చదువుకున్నవారు పాదం వినగానే యతి ఎక్కడ చెల్లిందో, ద్రుతాన్ని (పదం చివరి నకారాన్ని) తీసి చూడాల్సిన చోటు ఏదో, కవి ఎక్కడ అఖండయతిని ఆశ్రయించాడో చెప్పగలరు. ఆ ఎరుక వారి తలలోనే ఉండిపోతోంది. అలా చదవగలిగినవారు ఏటేటా తగ్గుతున్నారు. పాఠంతో పాటు ఆ ఎరుకనూ భద్రపరచాలంటే మార్కప్ కావాలి, అంటే పాఠంలో ఏ భాగం ఏమిటో చెప్పే గుర్తులు (ట్యాగులు). ఉన్న మార్కప్ సరిపోని చోట దాన్ని పద్ధతిగా పెంచుకోవాలి. ఆ పని ఎలా చేయాలో అడుగడుగునా చెబుతాను. ఎక్స్‌ఎమ్‌ఎల్ మొదటి పాఠాలు మీకు వచ్చని, ఛందస్సు మీకు గానీ మీ పక్కన కూర్చునేవారికి గానీ తెలుసని అనుకుంటున్నాను.

పునాదిగా టీఈఐని తీసుకోండి, పాఠాలకు ట్యాగులు పెట్టడానికి ఇదొక ప్రామాణిక పద్ధతి. పూర్తి పేరు టెక్స్ట్ ఎన్‌కోడింగ్ ఇనిషియేటివ్. 1987లో అమెరికాలోని వాసర్ కళాశాలలో జరిగిన సమావేశంతో ఇది మొదలైంది. ఇప్పుడు వాడుకలో ఉన్న పీ5 మార్గదర్శకాలు 2007లో వెలువడ్డాయి. కవిత్వం, నాటకం, నిఘంటువు, రాతప్రతి, ఉత్తరం ఇలా రకరకాల పాఠాల కోసం అందులో 500కు పైగా ట్యాగులు ఉన్నాయి. గ్రీకు, లాటిన్ శాసనాలపై పనిచేసేవారు దీన్నే తమకు తగినట్టు మలుచుకొని ఎపిడాక్ తయారు చేసుకున్నారు. సంస్కృత గ్రంథాలను భద్రపరిచే సారిట్ కూడా టీఈఐ మీదే నిలబడింది. మార్చుకోవడానికి వీలుగానే దీన్ని మొదటి నుంచీ కట్టారు కాబట్టి, మీరు చేయబోయేది నియమోల్లంఘన కాదు.

మొదటి అడుగు: ప్రశ్నలు రాయండి, ట్యాగులు కాదు

కొత్తవారు సాధారణంగా ట్యాగుల పట్టిక రాయడంతో మొదలుపెడతారు. గణానికి ఒకటి, యతికి ఒకటి, ప్రాసకు ఒకటి, అలంకారానికి ఒకటి, రసానికి ఒకటి. పట్టిక చూడటానికి నిండుగా ఉంటుంది. పదో పద్యం దగ్గరే చేతులు నొప్పి పుట్టి పని ఆగిపోతుంది. దానికి బదులు, ఫైళ్లన్నీ సిద్ధమయ్యాక వాటిని ఏమి అడగాలనుకుంటున్నారో కాగితం మీద రాయండి. ఈ కవి స్వరయతిని (అచ్చుకు అచ్చుతో చెల్లే యతిని) ఎంత తరచుగా వాడాడు? సీసపద్యాలలో ప్రాసయతి (యతికి బదులు ప్రాస చెల్లించడం) ఏ పాదాలలో ఎక్కువ? సంస్కృత సమాసాలు దట్టంగా ఉన్న వృత్తాలలో పదం పాదాంతం దాటి ఎంత తరచుగా సాగుతుంది? పది ప్రశ్నలు చాలు. ఏ ప్రశ్నకూ పనికిరాని ట్యాగును ఇప్పుడే కొట్టేయండి. రసం, అలంకారం లాంటివి విలువైనవే, కానీ అవి వేరే ప్రాజెక్టుకు తగిన పని.

రెండో అడుగు: ఉన్నది వెతకండి

టీఈఐలో పద్యం కోసం ఒక మాడ్యూల్ ఉంది. పద్యానికి ‘ఎల్‌జీ’, పాదానికి ‘ఎల్’ ట్యాగులు వాడతారు. ఛందస్సు పేరును ‘మెట్’ అనే ఆట్రిబ్యూట్‌లో రాయవచ్చు. పాదం లక్షణానికి భిన్నంగా నడిచిన చోట అసలు నడకను ‘రియల్’లో చూపవచ్చు. గురులఘువులకు మీరు వాడే గుర్తుల అర్థాన్ని ఫైలు హెడర్‌లోని ‘మెట్‌డెక్ల్’లో చెప్పవచ్చు. వీటిలో దేన్నీ మళ్లీ కనిపెట్టకండి. ఉత్పలమాల, చంపకమాల, శార్దూలం, మత్తేభం, కందం, సీసం, తేటగీతి, ఆటవెలది అన్న పేర్లను ఒక వర్గీకరణగా హెడర్‌లో పెట్టుకుంటే పద్యం స్థాయిలో చాలా పని తీరిపోతుంది.

ప్రాసకు ‘రైమ్’ ట్యాగు సరిపోతుంది. అది పాదాంతానికే పరిమితమని నియమం లేదు, ప్రాసస్థానంలో ఉన్న రెండో అక్షరం చుట్టూ పెట్టవచ్చు.

యతి దగ్గర జాగ్రత్త పడండి. ‘సిసూరా’ అనే ట్యాగు చూసి యతికి ఇదే తగినదని అనిపిస్తుంది. అది పాదం మధ్యలో వచ్చే విరామానికి గుర్తు, సంస్కృత యతికి చక్కగా అమరుతుంది. తెలుగు పద్యంలో యతి విరామం కాదు, రెండు స్థానాలలోని అక్షరాల మధ్య మైత్రి. దానికి రెండు చివరలుంటాయి. ఒకే చోట పెట్టే గుర్తుతో ఆ సంబంధాన్ని చెప్పలేం. పేరు దగ్గరగా ఉందని అర్థం సరిపోని ట్యాగును వాడితే, రేపు మరొకరి ప్రోగ్రాము మీ ఫైలు చదివి లేని విరామాలను లెక్కపెడుతుంది. విస్తరణ అవసరమయ్యే మొదటి చోటు ఇదే.

మూడో అడుగు: లెక్కతో తేలేది, తీర్పుతో తేలేది వేరు చేయండి

మొత్తం పనిలో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఈ అడుగు. ప్రోగ్రాము తనంతట తాను లెక్కగట్టగలిగిన దాన్ని మనిషి చేత ట్యాగు చేయించకండి. మనిషి సమయం విలువైనది. చదువుకున్న మనిషి మాత్రమే చెప్పగలిగిన దాని కోసం దాన్ని దాచుకోండి.

గణ విభజన చాలావరకు లెక్కే. ఉత్పలమాల పాదానికి భ, ర, న, భ, భ, ర, వ గణాలు, 20 అక్షరాలు, యతి పదో అక్షరం. చంపకమాలకు 21 అక్షరాలు, యతి పదకొండోది. శార్దూలానికి 19, పదమూడోది. మత్తేభానికి 20, పద్నాలుగోది. ఇవి ప్రోగ్రాముకు ఇచ్చేస్తే పాదాలను అదే కొలుస్తుంది.

అయితే ఇక్కడా మూడు చోట్ల యంత్రం తడబడుతుంది. మొదటిది అక్షరాన్ని గుర్తించడం. యూనికోడ్ దృష్టిలో ‘క్ష’ అంటే క, పొల్లు గుర్తు, ష అనే మూడు కోడ్‌పాయింట్లు. వాటిని ఒకే అక్షర గుచ్ఛంగా చూడాలన్న నియమం తెలుగు విషయంలో 2023 నాటి యూనికోడ్ 15.1తో గానీ రాలేదు. పాత సాఫ్ట్‌వేర్ లైబ్రరీలు దాన్ని రెండుగా చీలుస్తాయి. అక్షర విభజనకు మీ సొంత నియమం రాసుకోవడం మేలు. రెండోది పదం చివరి పొల్లు. ‘అక్షరముల్’లో ‘ల్’ ఛందస్సులో విడి అక్షరం కాదు, ముందున్న ‘ము’తో కలిసి ‘ముల్’ అనే ఒక గురువు అవుతుంది. ఈ రెండింటినీ నియమాలతో దాటవచ్చు.

మూడోది నియమంతో దాటలేనిది. సంయుక్తాక్షరానికి ముందున్న లఘువు గురువవుతుందని చిన్నప్పుడు నేర్చుకున్నాం. ‘ధర్మప్రభువు’ సంస్కృత సమాసం, అందులో ‘ప్ర’ ముందున్న ‘ర్మ’ గురువు. ‘వాడు ప్రభువు’ అన్నప్పుడు అవి రెండు విడి పదాలు, ‘డు’ లఘువుగానే నిలుస్తుంది. ప్రోగ్రాముకు రెండు చోట్లా కనిపించేది ఒకే అమరిక. సమాసమో కాదో తెలిస్తేనే తూకం తెలుస్తుంది. అందువల్ల తూకాన్ని ప్రోగ్రాము చేత వేయించి, పండితుడు సరిదిద్దిన చోట మాత్రం కారణంతో సహా నమోదు చేసే వీలు మీ మార్కప్‌లో ఉండాలి.

యతి సంగతికి వస్తే తీర్పు పాలు ఇంకా ఎక్కువ. ఈ వ్యాసం కోసం అల్లిన ఒక ఆటవెలది పాదం చూడండి.

అక్షరంబులందు నర్థ మెసగె

ఇది రెండో పాదం, ఐదు సూర్యగణాలు. అక్ష, రంబు, లందు, నర్థ అన్నవి నాలుగు హగణాలు, మెసగె నగణం. నాలుగో గణం మొదటి అక్షరంతో యతి చెల్లాలి. పాదం మొదట ‘అ’ ఉంది, యతిస్థానంలో ‘న’ కనిపిస్తోంది. అక్షరాలను మాత్రమే పోల్చే ప్రోగ్రాము దీన్ని యతిభంగమని ప్రకటిస్తుంది. తెలుగు చదువుకున్నవారికి అక్కడ తప్పేమీ కనిపించదు. ‘అందున్’ చివరి ద్రుతం వచ్చి ‘అర్థము’ మీద వాలింది. దాన్ని తీసి చూస్తే ‘అ’కు ‘అ’తో స్వరమైత్రి కుదిరింది. మీ మార్కప్ పట్టుకోవలసింది సరిగ్గా ఈ వివేచననే. యతి చెల్లిందన్న మాట ఒక్కటీ చాలదు, ఏ రకంగా, ఏ ఆధారంతో చెల్లిందో కూడా ఫైలులో ఉండాలి.

నాలుగో అడుగు: ఒక చెట్టును ఎంచుకోండి, మిగతావి బయట పెట్టండి

ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలు ఒక చెట్టు. ఒక ట్యాగు మరోదాని లోపల పూర్తిగా ఇమడాలి, సగం లోపల సగం బయట ఉండకూడదు. తెలుగు పద్యం ఆ షరతుకు లొంగదు. పై పాదంలో 11 అక్షరాలున్నాయి. ‘అక్షరంబులందున్’ మొదటి మూడు గణాలను నింపి, తన చివరి హల్లును నాలుగో గణంలోని ఏడో అక్షరానికి ఇచ్చింది. ‘అర్థము’ చివరి ‘మ్’ వెళ్లి ‘ఎసగె’ మొదటి అచ్చుతో కలిసి తొమ్మిదో అక్షరం ‘మె’ అయింది. అంటే ఏడో అక్షరానికీ తొమ్మిదో అక్షరానికీ చెరి రెండు పదాల వాటా ఉంది. గణాన్నీ పదాన్నీ ఒకే చెట్టులో ఇమడ్చాలని చూస్తే పదాలను ముక్కలు చేసి, మళ్లీ ముక్కలను అతికే ట్యాగులు రాయాల్సి వస్తుంది. వంద పద్యాల తర్వాత ఆ ఫైలును మీరే చదవలేరు.

నా సలహా సూటిగా చెబుతాను. పద్యం, పాదం, అక్షరం ఈ మూడింటినే చెట్టుగా ఉంచండి. ప్రతి అక్షరానికీ ఒక గుర్తింపు ఇవ్వండి. గణం, పదం, యతి అన్నీ చెట్టు బయట ఉండి ఆ గుర్తింపులను చూపాలి. దీన్ని స్టాండాఫ్ పద్ధతి అంటారు. టీఈఐలో అందుకోసం ‘స్టాండాఫ్’ అనే ట్యాగే ఉంది. అక్షరాన్ని చిట్టచివరి ప్రమాణంగా తీసుకోవడానికి కారణం, మన ఛందస్సు తూచేది దాన్నే కాబట్టి.

కింది నమూనాలో పేర్లన్నీ తెలుగులో ఉన్నాయి, అది ఎలా వీలైందో తర్వాతి అడుగులో చెబుతాను. అక్షరాలలో కొన్నిటినే చూపాను.

<పాదం గుర్తు="పా2" ఛందం="ఆటవెలది">
  <అక్షరం గుర్తు="అ1" తూకం="గు">అ</అక్షరం>
  <అక్షరం గుర్తు="అ2" తూకం="ల">క్ష</అక్షరం>
  …
  <అక్షరం గుర్తు="అ7" తూకం="గు">న</అక్షరం>
  <అక్షరం గుర్తు="అ8" తూకం="ల">ర్థ</అక్షరం>
  <అక్షరం గుర్తు="అ9" తూకం="ల">మె</అక్షరం>
  …
</పాదం>

<గణం రకం="హ" మొదలు="#అ7" చివర="#అ8"/>
<పదం రూపం="అక్షరంబులందున్" మొదలు="#అ1" చివర="#అ7"/>
<పదం రూపం="అర్థము" మొదలు="#అ7" చివర="#అ9"/>
<పదం రూపం="ఎసగె" మొదలు="#అ9" చివర="#అ11"/>
<యతి రకం="స్వర" వడి="#అ1" స్థానం="#అ7" ఆధారం="ద్రుతం" నిర్ణేత="#పరిష్కర్త1"/>

రెండు పదాలు ఒకే అక్షరాన్ని చూపడం ఇక్కడ తప్పు కాదు, సంధి జరిగిందనడానికి అదే సాక్ష్యం. ఎక్కడెక్కడ సంధి జరిగిందో అడిగితే, రెండు పదాలు పంచుకున్న అక్షరాలను ఏరితే చాలావరకు జవాబు వచ్చేస్తుంది. సంధికి విడిగా ట్యాగు అక్కరలేదు. గుర్తింపులు మాత్రం ఫైలు మొత్తంలో ఎక్కడా రెండోసారి రాకూడదు. అసలు పనిలో పద్యం సంఖ్య, పాదం సంఖ్య కలిపి ‘ప12పా2అ7’ లాంటి పేర్లు పెట్టండి, వాటిని చేత్తో రాయకుండా చిన్న ప్రోగ్రాముతో పుట్టించండి.

ఐదో అడుగు: ఓడీడీ రాయండి

టీఈఐలో మార్పులను ఓడీడీ అనే ఫైలులో రాస్తారు. స్కీమా (ఏ ట్యాగు ఎక్కడ రావచ్చో చెప్పే నియమాల పట్టిక), దాని వివరణ, ఉదాహరణలు అన్నీ ఆ ఒక్క ఫైలులోనే ఉంటాయి. దాని నుంచి రిలాక్స్ ఎన్‌జీ స్కీమా ఒకవైపు, మనుషులు చదివే పుస్తకం మరోవైపు తయారవుతాయి. రోమా అనే వెబ్ పరికరంతో మొదలుపెట్టవచ్చు. చేయి తిరిగాక ఓడీడీని నేరుగా ఎడిటర్‌లో రాయడమే సులువు. ఆక్సిజన్ అనే ఎడిటర్‌కు డబ్బు కట్టాలి. వీఎస్ కోడ్ ఉచితం, తగిన ఎక్స్‌టెన్షన్ కలుపుకుంటే చాలు.

ముందు తీసివేతలు. మీకు అవసరమైన మాడ్యూళ్లనే ఉంచండి: హెడర్, మూల ట్యాగులు, పద్యం, లింకులు, విశ్లేషణ, పాఠాంతరాలు. నాటకం, నిఘంటువు లాంటివి వదిలేయండి. తీసివేతలతో మాత్రమే తయారైన స్కీమాకు లోబడిన ఫైలు అసలు టీఈఐకి కూడా లోబడే ఉంటుంది, ఎవరికీ ఇబ్బంది ఉండదు.

తర్వాత బిగింపులు. గణం రకానికి ఏ విలువ పడితే అది రాసే వీలుంటే ఒకరు ‘భ’ అని, మరొకరు ‘భగణం’ అని, ఇంకొకరు ‘భ గణము’ అని రాస్తారు. విలువల జాబితాను మూసి ఉంచండి.

చివరికి చేర్పులు. ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. యతిని టీఈఐలో ఇప్పటికే ఉన్న ‘లింక్’ ట్యాగుతో కూడా చూపవచ్చు: రెండు అక్షరాలనూ గురి చేసి, రకం యతి అని రాస్తే సరి. ఒక శతకం వరకే మీ పని అయితే అలాగే చేయండి. వేల పద్యాలు, పలువురు పరిష్కర్తలు ఉన్న పనిలో యతికి దానిదైన ఆట్రిబ్యూట్లు, దానిదైన తనిఖీలు కావాలి. అప్పుడు కొత్త ట్యాగు న్యాయమే. దాన్ని టీఈఐ నేమ్‌స్పేస్‌లో పెట్టకండి, మీ సొంత నేమ్‌స్పేస్ ఇవ్వండి. ఏది టీఈఐది, ఏది మీది అన్నది ఫైలు చదివే ఎవరికైనా వెంటనే తెలియాలి. కొత్త ట్యాగును తగిన టీఈఐ వర్గంలో చేర్చితే, ఆ వర్గానికి ఉన్న సౌకర్యాలన్నీ దానికి వాటంతటవే వస్తాయి.

తెలుగు పేర్ల సంగతి. ఎక్స్‌ఎమ్‌ఎల్ పేర్లలో తెలుగు అక్షరాలు రాయడానికి అడ్డేమీ లేదు. పదాల మధ్య కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్‌ను మాత్రం పేర్లలో వాడకండి, పాత పరికరాలు దాన్ని ఒప్పుకోవు. టీఈఐ ట్యాగులకు ప్రత్యామ్నాయ పేర్లు పెట్టుకునే వీలు ఓడీడీలోనే ఉంది. తెలుగు ఎమ్మే చదివి, ఇంగ్లిష్ సంక్షిప్త నామాలంటే బెదిరే పండితుల చేత పని చేయించాలంటే ఈ సౌకర్యం చాలా అక్కరకొస్తుంది. ఫైలు బయటికి ఇచ్చే ముందు అసలు పేర్లకు మార్చి ఇవ్వండి. ప్రతి ట్యాగుకూ వివరణ తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ రాయండి, ఓడీడీ రెంటినీ పక్కపక్కన ఉంచుకోగలదు. ప్రతి వివరణకూ కనీసం ఒక అసలైన పద్యపాదం ఉదాహరణగా ఉండాలి. వివరణ రాయలేకపోయిన ట్యాగును తీసేయండి.

ఆరో అడుగు: స్కీమాకు అందని నియమాలు

ఏ ట్యాగులో ఏది రావాలో స్కీమా చెబుతుంది. ఉత్పలమాల పాదంలో 20 అక్షరాలే ఉండాలని, యతి పదో అక్షరాన్నే చూపాలని అది చెప్పలేదు. అందుకు స్కీమట్రాన్ అనే తనిఖీ భాషలో నియమాలు రాయండి. ఓడీడీలోనే వాటికి చోటుంది. ప్రాసయతి అని రాస్తే ఆ ఛందస్సు దాన్ని ఒప్పుకునేదై ఉండాలి. ఆటవెలది, తేటగీతి, సీసంలో చెల్లుతుంది, వృత్తాలలోనూ కందంలోనూ చెల్లదు. స్వరయతి అని రాసి, యతిస్థానంలో హల్లు కనిపిస్తే, ఆధారం ఖాళీగా ఉండకూడదు. అచ్చుల మైత్రి వర్గాలను కూడా ఇవ్వండి: అ, ఆ, ఐ, ఔ ఒకటి. ఇ, ఈ, ఎ, ఏ, ఋ ఒకటి. ఉ, ఊ, ఒ, ఓ ఒకటి. నియమం తప్పినప్పుడు వచ్చే సందేశాన్ని మంచి తెలుగులో రాయండి. ‘పదో అక్షరం దగ్గర యతి కనబడలేదు, అక్షర విభజన ఒకసారి చూడండి’ అంటే పండితుడికి ఏమి చేయాలో అర్థమవుతుంది.

ఈ నియమాలలో కొన్నిటిని తప్పుగా కాకుండా హెచ్చరికగానే ఉంచండి. కవులు నియమం దాటిన చోట్లు ఉంటాయి, రాతప్రతుల్లో పాఠం చెడిన చోట్లూ ఉంటాయి. స్కీమా ఒప్పుకోలేదని పద్యాన్ని దిద్దే పరిస్థితి ఎన్నడూ రాకూడదు.

ఏడో అడుగు: భిన్నాభిప్రాయానికి చోటు

అఖండయతినే తీసుకోండి. సంధిలో కలిసిపోయిన అచ్చును విడదీయకుండా, పైకి కనిపించే హల్లుతోనే యతి చెల్లించడాన్ని కొందరు లాక్షణికులు ఒప్పుకున్నారు, మరికొందరు దోషమన్నారు. మహాకవుల ప్రయోగాలు చూపి వాదించినవారూ ఉన్నారు. అలాంటి చోట మీ మార్కప్ ఒక పక్షం వహించకూడదు. ఒకే పాదానికి రెండు యతి నమోదులు ఉండనివ్వండి, ఒక్కోదానికి నిర్ణేత ఎవరో, ఎంత నిశ్చయంగా చెబుతున్నారో రాయండి. టీఈఐలో బాధ్యతకూ నిశ్చయానికీ ఆట్రిబ్యూట్లు ఉన్నాయి, వాటినే మీ కొత్త ట్యాగుకు తగిలించండి. పాఠాంతరాలకు ఉన్న ‘యాప్’, ‘ఆర్‌డీజీ’ ట్యాగులు వాడితే, ఒక ప్రతిలో చెల్లిన యతి మరో ప్రతిలో భంగమైందన్న సంగతి కూడా నిలుస్తుంది. పాఠ పరిష్కరణలో ఏ ప్రతి మంచిదో తేల్చడానికి ఇంతకంటే బలమైన ఆధారాలు తక్కువ.

అరసున్న, శకటరేఫల విషయంలో తొందరపడకండి. ముద్రిత ప్రతిలో ఉంటే ఉన్నట్టే టైపు చేయండి, ఆధునిక రూపం కావాలంటే పక్కన జతచేయండి. తీసేసిన అరసున్నను తర్వాత ఎవరూ తిరిగి తేలేరు.

ఎనిమిదో అడుగు: ఇద్దరి చేత చేయించండి

స్కీమా సిద్ధమయ్యాక ఒక యాభై పద్యాలు తీసుకోండి. అన్ని ఛందస్సులూ, తేలికవీ క్లిష్టమైనవీ కలిసి ఉండాలి. ఇద్దరికి విడివిడిగా ఇచ్చి, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా ట్యాగు చేయమనండి. తర్వాత రెండు ఫైళ్లనూ పోల్చండి. తేడా వచ్చిన ప్రతి చోటా మూడింటిలో ఒకటి జరిగి ఉంటుంది: ఒకరు పొరబడ్డారు, లేదా అక్కడ నిజంగానే రెండు అభిప్రాయాలకు తావుంది, లేదా మీ వివరణ అస్పష్టంగా ఉంది. నా అంచనాలో మూడోదే ఎక్కువగా ఎదురవుతుంది. ‘ఆధారం’లో ఏమి రాయాలో ఓడీడీ స్పష్టంగా చెప్పకపోతే ఒకరు సంధి పేరు రాస్తారు, మరొకరు సూత్రం రాస్తారు. వివరణను దిద్ది, ఉదాహరణ చేర్చి, ఇంకో యాభై పద్యాలతో మళ్లీ చేయండి. ఈ దశ దాటకుండా వేల పద్యాల మీదికి వెళ్లకండి.

ఆ తర్వాత రోజూ చేసే పని

ఫైళ్లనూ ఓడీడీనీ ఒకే గిట్ రిపాజిటరీలో ఉంచండి, ఏ పద్యం ఏ రూపంలోని స్కీమాతో ట్యాగు చేశారో హెడర్‌లో రాయండి. టీఈఐ మార్గదర్శకాలు సాధారణంగా ఏటా రెండుసార్లు కొత్తగా విడుదలవుతాయి. ప్రతిసారీ వాటి వెంట పరుగెత్తనక్కరలేదు, ఏడాదికోసారి మీ ఓడీడీని కొత్త విడుదలతో నిర్మించి ఏవి విరిగాయో చూస్తే చాలు. లైసెన్సును మొదటి రోజే నిర్ణయించి హెడర్‌లో పెట్టండి. పాత కావ్యానికి హక్కులు లేకపోయినా, ఇటీవలి పరిష్కర్త రాసిన పీఠికకూ వ్యాఖ్యకూ ఉంటాయి.

యతి ట్యాగు మీ చేతుల్లో స్థిరపడ్డాక కన్నడం మీద పనిచేసేవారినీ, తమిళం మీద పనిచేసేవారినీ పలకరించండి. కన్నడంలో, మనలాగే, పాదంలో రెండో అక్షరానికి ప్రాస నియమం ఉంది. తమిళంలో మోనై అనే పేరుతో మొదటి అక్షరాల మైత్రి, ఎదుగై అనే పేరుతో రెండో అక్షరాల మైత్రి ఉన్నాయి. పాదం లోపలి రెండు స్థానాలను కలిపే ట్యాగు ముగ్గురికీ పనికొచ్చేలా రూపొందితే, దాన్ని టీఈఐ వారి గిట్‌హబ్‌లో ప్రతిపాదనగా పెట్టండి. ప్రతిపాదనతో పాటు మీ ఓడీడీ, నమూనా పద్యాలు, ఉన్న ట్యాగులు ఎందుకు చాలలేదో చెప్పే ఒక పేజీ వివరణ జత చేయండి.